కదలని కుర్చీ

"కదిలింది అంటే కదిలింది! నేనేమన్నా తాగొచ్చి కూర్చున్నానా వాళ్ల కుర్చీలో?"

వదిన గొంతు వంటగదిలోంచి మెట్ల దాకా వినిపిస్తోంది. మిరియం ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మాటలు అంటున్నది అన్నయ్యతోనే గానీ తగలాల్సింది తనకు. చెప్పుల చప్పుడు విన్నాక వదిన గొంతు ఇంకాస్త పెరిగింది కూడా. ఆ ఇంట్లో అది మామూలే.

మిరియం అన్నది ముద్దుపేరు. చిన్నప్పుడే నాన్న పెట్టాడు, మనిషి చూస్తే ఇంతే, కొరికితే మాత్రం నాలుక మండుతుందని. పెద్ద చదువులు చదివి, మెదడు తరంగాల మీద పరిశోధన చేస్తున్నా ఇంట్లో మాత్రం మిరియమే. ఆమె మంటకు సరిజోడు వదిన మంట. ఇద్దరి మధ్యా అన్నయ్య, పాపం, ఎప్పుడూ తడిగుడ్డలా తిరుగుతూ ఉంటాడు.

వదిన సిటీ బస్సు డ్రైవరు. పెళ్లి కాకముందు నుంచీ స్టీరింగు పట్టుకున్న మనిషి. ఆ మధ్య చెవి లోపల ఇన్ఫెక్షన్ వచ్చి, కళ్లు తిరిగి, గోడ పట్టుకుని నడిచింది కొన్నాళ్లు. తగ్గిపోయింది. శుభ్రంగా తగ్గిపోయింది. కానీ తగ్గిందని వదిన చెబితే డిపో వాళ్లు ఒప్పుకోరు కదా! కళ్లు తిరిగిన డ్రైవరు ఎవరైనా సరే, బ్యాలెన్స్ పరీక్షలు చేసే లాబ్ నుంచి కాగితం తేవాలి. ఆ లాబ్ మిరియం పనిచేసే లాబే.

"వెళ్లి కూర్చుని లేచొచ్చెయ్, వదినా. మన లాబే కదా, భయమెందుకు?" అని తనే ధైర్యం చెప్పి పంపింది. ఇవాళ ఆ కాగితం వచ్చింది. స్టీరింగు ఇవ్వడానికి తగదని, డిపోలో కూర్చుని చేసే పనేదైనా ఇవ్వమని ఉంది అందులో.

మిరియం వంటగదిలోకి వెళ్లింది. వదిన గిన్నెలు తోమడం లేదు, వాటితో యుద్ధం చేస్తోంది.

"వదినా, అది పరీక్ష. కోపమొస్తే ఫలితం మారదు."

"ఓహో, వచ్చారండీ సైంటిస్టుగారు! చెప్పండి, మీ కుర్చీ కదిలిందా లేదా?"

"కదల్లేదు."

"నేను కూర్చున్నాను. నువ్వు కూర్చున్నావా?"

"నేను బయట స్క్రీన్ ముందున్నాను. అంతా చూస్తూనే ఉన్నాను."

"చీకటి గదిలో నన్ను పడేసి నువ్వు బయట కూర్చుని చూశావా? భలే చూశావమ్మా!"

మిరియానికి చిర్రెత్తుకొచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి? మనం కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే మెదడులో ఒక లయ నడుస్తూ ఉంటుంది, ఊయల ఊగినట్టు, ఒక్క సెకనులో పదిసార్ల దాకా. ఒళ్లు కదిలిందని మెదడుకి తెలియగానే ఆ ఊపు సన్నబడుతుంది. లాబ్‌లో చేసేదేమిటంటే, చెవుల వెనక రెండు బిళ్లలు అంటించి చాలా కొద్దిపాటి కరెంటు పంపుతారు, ఆ కరెంటు కూడా అదే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో చెవి లోపలి నరాలు మోసపోతాయి. కుర్చీ అంగుళం కదలకపోయినా మనిషికి తిరిగిపోతున్నట్టు ఉంటుంది. మధ్యమధ్యలో చెప్పకుండా కరెంటు ఆపేస్తారు. దాన్ని లాబ్‌లో సున్నా అంటారు. సున్నాలో ఆరోగ్యంగా ఉన్న మనిషి "కదల్లేదు" అనాలి. వదిన ప్రతి సున్నాకీ "కదిలింది" అనే బటనే నొక్కింది. పైగా నెత్తిన పెట్టిన టోపీ తీగల్లోంచి వచ్చిన గీతల్లో ఆ లయ కూడా సన్నబడింది. అంటే అబద్ధమాడలేదు, ఆమెకి నిజంగానే అలా అనిపించింది. ఒట్టిగా కూర్చున్నా కదిలినట్టు అనిపించే మనిషికి బస్సు ఎలా ఇస్తారు?

"నీకు అనిపించింది, వదినా. అనిపించడం వేరు, కదలడం వేరు."

"ఇరవై మందిని ఎక్కించుకుని మలుపు తిప్పేదాన్ని. ఏది కదుల్తోందో నాకు తెలీదంటావా?"

"పోనీలేవే, డిపోలో కూర్చునే పనయితే నీకూ కాస్త రెస్టు," అన్నాడు అన్నయ్య తలుపు దగ్గర నిలబడి.

ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగి చూశారు. అతను నోరు మూసుకుని, ఎందుకైనా మంచిదని పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

వదిన చేతులు తుడుచుకుంది. ఈసారి అరవలేదు. "ఉద్యోగం సంగతి తర్వాత. మీ లాబ్ ప్రొఫెసరు నన్ను నమ్మలేదు, సరే, ఆయనెవరో నేనెవరో. నువ్వు కూడా నమ్మలేదు చూశావా, అక్కడే నా కడుపు మండుతోంది. గిర్రున తిరిగాను నేను. ఏసీ గాలి ముందు కుడిచెంపకి కొట్టింది, కాసేపయ్యాక మెడ వెనక కొట్టింది. అదీ నాకు అనిపించిందేనా? సరే, అలాగే అనుకో. నాతో మాట్లాడకు ఇక."

మిరియం విసురుగా గదిలోకి వెళ్లి తలుపు ధడేలున వేసుకుంది. మూర్ఖత్వం! ఇంత చదివిన మనిషి ఇంట్లో ఉండి ఏం లాభం? మంచం మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తెరిచింది గానీ ఏమీ చదవలేదు. మెడ వెనక కొట్టింది అన్న మాట చెవిలో ఈగలా తిరుగుతోంది. కరెంటు చెవిని మోసం చెయ్యగలదు. మెదడు తనని తాను మోసం చేసుకోగలదు. గోడకి బిగించిన ఏసీ గాలి చెంప మీద నుంచి మెడ వెనక్కి ఎలా పోతుంది?

మర్నాడు ఎవరూ రాకముందే లాబ్‌కి వెళ్లింది. ఇవాళ రుజువు పట్టుకెళ్లి వదిన ముఖాన కొడతాననే కసితోనే వెళ్లింది, అందులో దాపరికమేం లేదు.

పరీక్ష గది ఒకప్పుడు ఏదో కడుగుడు గది. నేల ఇప్పటికీ ఒక మూలనున్న తూము వైపు కాస్త వాలుగా ఉంటుంది. మధ్యలో, వేరే పరీక్షల్లో మోటారు మీద తిరిగే కుర్చీ. కుర్చీ చేతికే బిగించిన చిన్న కెమెరా, కూర్చున్న వాళ్ల ముఖం చీకట్లోనూ చూడటానికి. మిరియం బయట కంప్యూటరుకి సున్నా నడిపించమని చెప్పి వచ్చి, తలుపు వేసి, లైటు ఆర్పి కూర్చుంది. కటిక చీకటి. వీపు నిటారుగా పెట్టి, రెండు పాదాలూ కుర్చీకున్న పాదపీఠం మీద ఆనించి కూర్చుంది. గాలి కుడిచెంప మీద చల్లగా తగులుతోంది. ఎంతసేపు కూర్చున్నా అక్కడే తగులుతోంది.

"ఏం వదినా, ఏమంటావిప్పుడు?" అంది చీకట్లోకే, పళ్లు బిగించి.

లేవబోతూ ఆగింది. తను కూర్చున్నట్టు వదిన కూర్చుంటుందా? భోజనాల బల్ల దగ్గర కూడా వదిన కుడికాలు ముందుకి చాపి, ఒంటి బరువంతా ఒక పక్కకి వేసి కూర్చుంటుంది. అన్నయ్య ఎన్నిసార్లు వెక్కిరించాడో, "బ్రేకు తొక్కుతున్నావా?" అని. మిరియం కుడికాలు చాపింది. బరువు ఒక పక్కకి వేసింది.

మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా గాలి చెంప మీద నుంచి చెవి మీదకి వచ్చింది. చెవి దాటింది. మెడ వెనక చల్లగా తగిలింది.

ఆమె ఫోన్ తీసి టార్చి వేసింది. తలుపు ఎదురుగా కూర్చున్న మనిషి ఇప్పుడు గోడకి ఎదురుగా ఉంది. ఇంతలో కంప్యూటరు సున్నా ముగించింది, మోటారు మేలుకుంది, కుర్చీ బుద్ధిగా తిరిగి తలుపు ముందుకొచ్చి నిలబడింది. ఆ కదలికనే లాబ్‌లో అందరూ "సర్దుకోవడం" అంటారు. లైటు వెయ్యకముందే సర్దుకుంటుంది, పట్టించుకోవద్దని కూర్చున్న వాళ్లకి ముందే చెబుతారు. అబ్బ, ఎంత చక్కటి ఏర్పాటు! దొంగ తన కాలి గుర్తులు తనే తుడుచుకుని పోతున్నాడు, వీళ్లేమో తలుపు తెరిచి దారిస్తున్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది మిరియానికి. ఎవరి మీద? అదే తమాషా. ఈ కుర్చీకి ఒకప్పుడు బ్రేకు ఉండేది, కరెంటుతో పట్టుకునే బ్రేకు. అది గుయ్యిమంటూ ఉండేది. ఆ గుయ్ మెదడు తరంగాల గీతల్లోకి దూరి అంతా చిందరవందర చేసేది. సున్నా నడిచేటప్పుడు మోటారునీ, బ్రేకునీ, కుర్చీ ఎటు తిరిగిందో చెప్పే మీటరునీ అన్నింటినీ ఆపేస్తే గీతలు అద్దంలా వస్తాయని కనిపెట్టిన మేధావి ఎవరు? మిరియమే. "భేష్!" అని ప్రొఫెసరు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. మెదడు ఊపు ఎంత సన్నబడిందో వెంట్రుకవాసి దాకా కొలిచారు. మనిషి కూర్చున్న కుర్చీ నిలబడి ఉందో లేదో ఒక్కళ్లూ చూడలేదు. బ్రేకు ఆపేశాక లాబ్ మనిషి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. కెమెరాయేమో కుర్చీతోపాటే తిరుగుతుంది, అందులో ముఖం ఎప్పుడూ ఒకచోటే కనిపిస్తుంది.

పోలిక కోసం పిలిచిన చదువుకునే పిల్లలు వచ్చి నిటారుగా కూర్చుంటే కుర్చీ నిలబడుతోంది. డ్రైవర్లు వచ్చి అలవాటు కొద్దీ కాలు చాపి ఒరిగితే పల్లం వైపు జారుతోంది. వాళ్లు నిజం చెబుతున్నారు. కదిలిందంటున్నారు. వీళ్లేమో ఆ నిజానికి "ఊహాచలనం" అని పేరు పెట్టి, జబ్బు కింద జమకట్టి, స్టీరింగు లాక్కుంటున్నారు. వదిన ఒక్కతేనా? ఆ గదిలోంచి కాగితం పట్టుకుని తల దించుకుని పోయిన ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"ఛీ!" అంది పైకే. ఆ ఛీ తనకే.

ప్రొఫెసరు వచ్చేసరికి ఆమె ఆయన గది ముందే నిలబడి ఉంది. ఆయన చెడ్డవాడేం కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. ఆ మెత్తదనంతోనే ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, నోరు మూయించి పంపేస్తాడు. ఎక్కడ కూర్చున్నా కాలు మీద కాలేసుకుని, మోచేతి మీద పక్కకి వాలిపోవడం ఆయన అలవాటు. ఊహాచలనం ఆయన బిడ్డ. దాని మీద పెద్ద సభలో మాట్లాడటానికి ఇంకో వారంలో బయల్దేరుతున్నాడు.

"సార్, సున్నాలో కుర్చీ కదుల్తోంది."

ఆయన నవ్వాడు. "మీ వదినగారి సంగతి విన్నానమ్మా. నీ బాధ నాకు అర్థమైంది. ఇంట్లో వాళ్లకి చెప్పడం కష్టమే."

"వదిన మాట కాదు సార్. నేను కూర్చున్నాను."

"నువ్వూ కూర్చున్నావా? ఇంకేం, నీ మనసులో ముందే ఉంది కదిలిందని. చీకట్లో కదలకేం చేస్తుంది? ఈ సబ్జెక్టంతా అదే కదమ్మా."

ఏం మాట్లాడినా ఆయన సిద్ధాంతం దాన్ని మింగేస్తోంది. కదిలిందన్న వాడు రోగి, కదిలిందని చూసినవాడు భ్రమలో ఉన్నవాడు. మిరియం పిడికిళ్లు బిగుసుకున్నాయి. తలుపు తన్నాలనిపించింది. తన్నలేదు.

"అయితే మీరు కూర్చోండి సార్. మీ మనసులో ఏమీ లేదు కదా."

ఆయనకి అది సరదాగా అనిపించినట్టుంది. లేచి వచ్చాడు. తలుపు ఎదురుగా, కాలు మీద కాలేసుకుని, మోచేతి మీద వాలి హాయిగా కూర్చున్నాడు. మిరియం లైటు ఆర్పి బయటికొచ్చి సున్నా నడిపించింది. మైకులో అడిగింది.

"ఎలా ఉంది సార్?"

"ప్రశాంతంగా ఉంది."

కాసేపాగి మళ్లీ అడిగింది. "కదుల్తోందా?"

"కొద్దిగా తిరిగినట్టు అనిపిస్తోంది. మంచి ఉదాహరణ ఇది. చూడు, నాకూ అనిపిస్తోంది. కానీ ఇది ఊహ అని నాకు తెలుసు కాబట్టి నేను కదల్లేదనే చెబుతాను. తేడా అక్కడుంది."

"కదల్లేదనే రాసుకోమంటారా?"

"నిక్షేపంగా రాసుకో."

మిరియం మోటారు ప్లగ్గు పీకేసింది. ఈసారి సర్దుకునేదేమీ లేదు. తలుపు తీసి లైటు వేసింది. ప్రొఫెసరు నవ్వు ముఖంతో గోడకి పాఠం చెబుతున్నాడు. తలుపు చప్పుడు వీపు వెనక వినిపించేసరికి ఉలిక్కిపడి మెడ తిప్పి చూశాడు. మెడ చాలక నడుం కూడా తిప్పాడు.

 ఆయన మెల్లగా కాలు మీది కాలు తీసి కింద పెట్టాడు.

"ఇంత తిరిగానా?" అన్నాడు చివరికి.

"మీకు తెలిసింది సార్. తెలిసి కూడా కాదన్నారు. మా వదిన తెలిసి అవునంది. మీరు ప్రొఫెసరు, ఆవిడ అన్‌ఫిట్టు."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. కుర్చీలోంచి లేచి దూరంగా నిలబడ్డాడు. గొంతు మళ్లీ మెత్తబడింది. "సరేనమ్మా. బ్రేకు మళ్లీ వేయిద్దాం. మీ వదినగారికి ఇవాళే ఇంకో పరీక్ష పెట్టి మంచి కాగితం ఇచ్చేద్దాం. ఆవిడ బస్సు ఆవిడకి వచ్చేస్తుంది. మిగతాది నిదానంగా చూసుకుందాం. సభ అయిపోనీ."

"మిగతా డ్రైవర్లో?"

"నిదానంగా అన్నాను కదా."

"నిదానంగా అంటే ఎప్పుడు సార్? వాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. తమకి పిచ్చో, రోగమో అనుకుంటూ కూర్చున్నారు. పెళ్లాం, పిల్లలు అదోలా చూస్తుంటే కూర్చున్నారు!" మిరియం గొంతు గది దాటి వరండాలోకి పోయింది. పోనీ అనుకుంది.

"అరవకమ్మా. ఒక్క సంగతి మర్చిపోతున్నావు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బ్రేకు ఆపింది ఎవరు? ఇది బయటికొస్తే నాకు ఒక సభ పోతుంది. నాకు వయసైపోయింది, ఏం ఫర్వాలేదు. నీకు ఇంకా డిగ్రీ కూడా చేతికి రాలేదు. ఆలోచించుకో."

అది బెదిరింపో, జాలో ఆయనకే తెలియాలి. మిరియానికి మాత్రం ఒళ్లు మండిపోయింది. తన కొన్నేళ్ల పని అంతా ఆ సున్నాల మీదే నిలబడి ఉంది. ఒక్క సున్నా పోతే అన్నీ పోతాయి.  కానీ వదిన చేతులు తుడుచుకుంటూ మెల్లగా అన్న మాట దానికంటే గట్టిగా లోపల తిరుగుతోంది.

"ఆపింది నేనే సార్. అదే చెబుతాను."

ఆయన ముందే ఫోన్ తీసి డిపో ఆఫీసుకి చేసింది. మాటలు తడబడ్డాయి, అయినా ఆగలేదు. ఆ లాబ్ నుంచి వచ్చిన అన్‌ఫిట్ కాగితాలన్నీ తప్పని, కుర్చీ నిజంగానే కదిలిందని, బ్రేకు ఆపేసింది తనేనని, అందర్నీ మళ్లీ పిలిచి పరీక్ష చెయ్యాలని చెప్పింది. ప్రొఫెసరు సగం మాటల్లోనే గది వదిలి వెళ్లిపోయాడు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సభకి ఆయన వెళ్లలేదు. లాబ్‌లో మిరియంతో టీ తాగేవాళ్లు ఇద్దరు మిగిలారు. ఆమె పరిశోధన మొదటికొచ్చింది, మళ్లీ మొదలుపెట్టుకోమన్నారు, అదీ వేరే గైడు దొరికితే. బ్రేకు మళ్లీ గుయ్యిమంది. ఆ గుయ్ మధ్యే డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని "కదల్లేదు" అని చెప్పి లేచారు. ఇద్దరికి మాత్రం నిజంగానే తేడా ఉందని తేలింది. మిగతా వాళ్లకి స్టీరింగు తిరిగొచ్చింది. వదినకీ వచ్చింది.

వచ్చినా వదిన మాట్లాడలేదు. కంచం పెడుతుంది, మాట పెట్టదు. "ఆ ఉప్పు డబ్బా ఇటివ్వమని చెప్పండి మీ చెల్లెలికి" అంటుంది అన్నయ్యతో, ఉప్పు డబ్బా మిరియం చేతిలో ఉండగా. అన్నయ్య ఆ డబ్బాని ఇటు నుంచి అటు చేరవేస్తాడు. మిరియం సారీ చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. వదిన ఉలకలేదు, పలకలేదు. డిగ్రీ పోయేంత పని చేసినా ఈవిడ కంటికి ఆనలేదా అని మిరియానికీ మండింది. మండుతూనే ఒక పొద్దున వెళ్లి వదిన బస్సు ఎక్కింది.

ఆ స్టాపులో ఆమె ఒక్కతే ఎక్కింది. వదిన అద్దంలో చూసి చూడనట్టు తలుపు మూసింది. మిరియం వెనక్కి పోకుండా డ్రైవరు సీటు పక్కనే నిలబడింది.

"వదినా, ఎన్నాళ్లు ఇలా?"

 వదిన కుడికాలు ముందుకి చాచి ఉంది. బరువంతా ఒక పక్కకే ఉంది.

"తప్పు నాదే. నిన్ను నమ్మలేదు. ఇంట్లో మనిషివి, నీ మాట పక్కన పెట్టి మిషన్ మాట విన్నాను. అందరి ముందూ ఒప్పుకున్నాను, ఇంకేం చెయ్యమంటావు?"

"అందరి ముందూ ఒప్పుకున్నావు. ఆ రోజు వంటగదిలో ఉన్నది నేనొక్కదాన్నే. అప్పుడు నమ్మాల్సింది." వదిన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. గొంతులో కోపం అలాగే ఉంది, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. "చేతిలో టార్చి ఉన్నప్పుడు ఎవరైనా నమ్ముతారే."

 మిరియం నోరు ఊరుకోక, "కానీ గిర్రున తిరిగానన్నావు. పావువంతే తిరిగింది," అంది.

వదిన మొదటిసారి తల తిప్పి చూసింది. కొడుతుందేమో అనుకుంది మిరియం. వదిన ముక్కు ఎగబీల్చి, గేరు వేసింది.

"నోరు మూసుకుని ఆ కమ్మీ పట్టుకో. బస్సు కదుల్తోంది. ఈసారైనా నా మాట నమ్ము, లేకపోతే పడతావు."

మిరియం రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది.